గాజు మీద నాలుగు వేళ్ళు

పెళ్ళయిన తొమ్మిదో రోజు పొద్దున్నే ఏజెంట్ గుండుసూది స్టూలెక్కి కిటికీకి కర్టెన్ తగిలిస్తున్నాడు. కింద అతని భార్య రెండు చేతులతో స్టూలు పట్టుకుని నిలబడి, "ఎడమవైపు కిందికి దిగింది. మీ ఎడమ కాదు, నా ఎడమ," అంటోంది. ఒకప్పుడు శత్రువుల ఆఫీసు గోడ మీద ఆరు గంటలు బల్లిలా అతుక్కుని మాటలు విన్న మనిషి అతను. ఈ స్టూలు మీద ఉన్నంత ఎత్తులో ఎప్పుడూ ఉన్నట్టు అనిపించలేదు.

ఫోను మోగింది.

"మీ గోడగడియారం బాగుచేశాం సార్. కాకపోతే ముల్లు వెనక్కి తిరుగుతోంది."

గుండుసూది మొహంలో నవ్వు ఆరిపోయింది. ముల్లు వెనక్కి తిరగడమంటే మనవాళ్ళలోనే ఎవరో అమ్ముడుపోయారని అర్థం.

"ఎవరండీ?" అంది భార్య.

"గడియారాల షాపు."

"మనకి గోడగడియారం లేదు కదా."

"ఆఫీసుది. వెళ్ళాలి."

"ఇవాళ సెలవన్నారు. తూనికలు కొలతల శాఖలో అంత కొంప మునిగే పనులేముంటాయి? ఎవరి తక్కెడ ఒరిగిపోయింది?"

ఆమె ఇంకేమీ అడగలేదు. మెల్లగా స్టూలు వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె కోపం అలా ఉంటుంది. స్టూలు ఊగింది. అతను దిగాడు.

గడియారాల షాపు వెనక గదిలో డిపార్ట్‌మెంట్ చీఫ్ కూర్చుని ఉన్నాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. మనిషి మాత్రం పొట్టి. టేబుల్ మీద ఒక ఫైలు, ఒక ఫొటో బోర్లించి ఉన్నాయి.

"ఉల్లిపొర," అన్నాడు పెద్దాయన.

ఆ పేరు గుండుసూదికి తెలుసు. విదేశీ ముఠా. ఒక పొర ఒలిస్తే కింద ఇంకోటి ఉంటుంది, ఒలిచేవాడికి కన్నీళ్ళే మిగులుతాయి. పైపొర మాత్రం గౌరవంగా కనిపించే ఒక కంపెనీ. అగ్నిమాపక సిబ్బందికీ గని కార్మికులకీ మాస్కులు అమ్ముతుంది.

"ఈసారి వాళ్ళ కన్ను ప్లాస్మా రీసెర్చ్ మీద పడింది. మన సైంటిస్టు ఒకాయన ప్లాస్టిక్ ఉపరితలాన్ని ప్లాస్మాతో ట్రీట్ చేసి, ఊడిపోని మాస్కు తయారుచేశాడు. ప్రాసెస్‌లో మూడు పేజీలు ఇప్పటికే వాళ్ళ చేతికి చేరాయి. ల్యాబ్ తాళాలన్నీ ఇద్దరి దగ్గరే ఉన్నాయి. ఒకరు ల్యాబ్ లైజన్ ఆఫీసర్. అంటే మన పట్టుదారం."

పట్టుదారం డిపార్ట్‌మెంట్‌కి అందాల బొమ్మ. నాలుగు భాషలు, పది వేషాలు. ఏ గదిలోకి వచ్చినా ఆమెకన్నా ముందు ఆమె సువాసన వస్తుంది.

"రెండో తాళం?"

పెద్దాయన ఫొటో తిప్పాడు. నెరిసిన కనుబొమలు, మండే కళ్ళు, కోటు జేబులో గాజు డ్రాపర్. తొమ్మిది రోజుల కిందట పెళ్ళిమండపంలో గుండుసూది చేతిలో కూతురి చెయ్యి పెట్టిన మనిషి.

"ఈయన మా మావగారు."

"తెలుసు. పెళ్ళికి వచ్చానుగా."

"రెండుసార్లు భోంచేశారు కూడా."

"రేపు పదింటికి డెమో. పన్నెండు దేశాల ప్రతినిధులొస్తారు. ఆయన తనే మాస్కు వేసుకుని విషపు పొగ గదిలోకి వెళ్తాడు. ఆ మాస్కుని కావాలనే ఊడిపోయేలా చేస్తాడు. లోపల వేరే ఆక్సిజన్ దాచుకున్నాడట. బయటికొచ్చి 'ఫెయిలైంది' అంటాడు. ఇక్కడ అందరూ ఆ రీసెర్చ్‌ని చెత్తబుట్టలో వేస్తారు, ఉల్లిపొర దాన్ని తమ పేరున పెట్టుకుంటుంది. బయటికొచ్చిన మరుక్షణం నువ్వు ఆయన్ని అరెస్ట్ చెయ్యాలి."

"ఆక్సిజన్ దాచడం మీరు చూశారా?"

"పట్టుదారం రిపోర్ట్ చేసింది."

"నేనే ఎందుకు?"

"మావగారి పక్కన అల్లుడు నిలబడితే ఎవరికీ అనుమానం రాదు." పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, వాతావరణం గురించి చెబుతున్నట్టుగా అన్నాడు: "ఆ సంబంధం సంగతి నీకు మీ మేనత్త చెప్పింది కదా. ఆవిడకి ఎవరు చెప్పారనుకున్నావు?"

గుండుసూదికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. తన పెళ్ళి, ఆ పిల్ల మొదటిసారి తలెత్తి చూసిన చూపు, నిన్న ఇద్దరూ కలిసి కొన్న ఎర్ర మగ్గుల జత, అన్నీ ఎవరో ఒక ఫైల్లో వరసగా వేసుకున్న అడుగులన్నమాట.

"నా పెళ్ళి మీకు ఆపరేషనా?"

"కోపం తెచ్చుకోకు. పిల్ల మంచిదేగా."

మాట్లాడితే ఉద్యోగం పోతుంది, కొడితే ఇంకా పోతుంది. పెద్దాయన ఒక చేతి గడియారం, ఒక పెన్ను ముందుకు తోశాడు.

"గడియారంలో ట్రాన్స్‌మిటర్. పెన్నులో మత్తుగ్యాస్."

"పోయినసారి ఈ పెన్ను మూడు చొక్కాలు పాడుచేసింది. గ్యాస్ మాత్రం రాలేదు."

"ఇది కొత్త మోడల్."

ల్యాబ్ తలుపు మీద మావగారి చేతిరాతతో ఒక బోర్డు వేలాడుతోంది. "చేతులు కడుక్కోండి. గ్లవ్స్ వేసుకోండి. క్రీములు, నూనెలు, పౌడర్లు, అబద్ధాలు లోపలికి తేవద్దు."

"ఏవయ్యా అల్లుడూ, నా తక్కెడ తనిఖీ చెయ్యడానికొచ్చావా?" లోపలినుంచి గర్జన వినిపించింది. మావగారు ప్రేమగా మాట్లాడినా గర్జించినట్టే ఉంటుంది. ల్యాబ్‌లో అందరూ ఆయన్ని చాటుగా చుక్కల సైంటిస్టు అంటారు. కనిపించిన ప్రతి వస్తువు మీదా నీటిచుక్క వేసి చూడటం ఆయన అలవాటు. పెళ్ళి భోజనంలో తన కంచం మీద కూడా వేసి, "సరిగ్గా కడగలేదు," అని వడ్డించేవాడి మీద కేకలేశారు.

"ఊరికే చూసిపోదామని, మావయ్యగారూ."

"అయితే చూడు."

బల్ల మీద రెండు తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు ఉన్నాయి. చూడటానికి కవలపిల్లలు. ఆయన మొదటిదాని మీద ఒక చుక్క వేశారు. అది ముత్యంలా గుండ్రంగా నిలబడి, వాలిస్తే దొర్లిపోయింది.

"ఇది పొగరుబోతు ప్లాస్టిక్. నీళ్ళని రానివ్వదు, జిగురుని రానివ్వదు. దీన్ని దేనికి అతికించినా పైకి అతుక్కున్నట్టు నటిస్తుంది. వేడి తగలగానే చెయ్యి వదిలేస్తుంది."

రెండో ముక్కని గాజు ఛాంబర్‌లో పెట్టి గాలి లాగేసి స్విచ్ వేశారు. లోపల మిగిలిన కాస్త గ్యాస్ ఊదారంగు వెలుగుతో మండినట్టయింది. గుండుసూది ఎంత కోపంలో ఉన్నా ఒక్క క్షణం నోరు తెరిచి చూశాడు. సాయంత్రపు ఆకాశాన్ని సీసాలో పోసినట్టుంది.

"ఇదీ ప్లాస్మా. ముప్పై సెకన్లు దాని పై తోలు మాత్రమే చితకబాదుతుంది. లోపల ఏమీ మారదు." ముక్క బయటికి తీసి చుక్క వేశారు. ఈసారి చుక్క నిలబడలేదు. తడిగుడ్డ పరిచినట్టు మెత్తగా పరుచుకుంది. "చూశావా? ఇప్పుడు అందరితోనూ కలుస్తుంది. కానీ కొన్నాళ్ళకి దెబ్బలు మరిచిపోయి మళ్ళీ పాత పొగరుకి వస్తుంది. మరిచిపోకుండా చెయ్యడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది."

ఆయన గోడవైపు చూశారు. అక్కడ మేకుకి ఒక పాత మాస్కు వేలాడుతోంది. ముందు గాజు ఒకవైపు, రబ్బరు ఒకవైపు, రెండుగా ఊడిపోయి ఉంది.

"గనిలో మంటలు. పద్నాలుగు మంది. అందరికీ మాస్కులున్నాయి. అతుకు దగ్గర ఊడాయి. ఆ కంపెనీవాళ్ళు 'వాడటం రాక చచ్చిపోయారు' అని రిపోర్ట్ రాశారు." గర్జించలేదు. ఈసారి గొంతు చాలా చిన్నగా వచ్చింది. "నా కోపానికి ప్లాస్మా ట్రీట్‌మెంట్ అక్కర్లేదు అల్లుడూ. అది మరిచిపోదు."

ఆ కంపెనీయే ఉల్లిపొర పైపొర. ఈ మనిషి దానికి అమ్ముడుపోయాడా? గుండుసూదికి పెద్దాయన మెడ పిసకాలనిపించింది.

"ఆ గడియారం గాజేంటి అంత మురికి? ఇలా ఇవ్వు." అల్లుడు వద్దనేలోపే మావగారు గ్లవ్స్ చేత్తో గడియారం లాక్కుని, పెన్నులాంటి చిన్న ప్లాస్మా గొట్టంతో గాజు మీద ఊదారంగు సెగ పారించారు. గడియారంలోంచి సన్నగా చిటపటమని శబ్దం వచ్చింది. డిపార్ట్‌మెంట్ ట్రాన్స్‌మిటర్ అంతటితో కన్నుమూసింది.

"ఇప్పుడు శుభ్రం," అన్నారు ఆయన సంతృప్తిగా.

వరండాలో సువాసన ఎదురొచ్చింది. సముద్రపు రంగు డ్రెస్, నల్ల కళ్ళజోడు, భుజాన వ్యానిటీ బ్యాగు, చేతులకి అప్పుడే రాసుకుంటున్న క్రీము.

"పాపం, కొత్త పెళ్ళికొడుకు," అంది పట్టుదారం. "మావగారిని కటకటాల్లోకి తోసి ఇంటికెళ్ళి ఏం చెబుతావు?"

"తలుపు మీద బోర్డు చదవలేదా? క్రీములు నిషేధం."

"లోపలికెళ్ళేటప్పుడు గ్లవ్స్ వేసుకుంటానుగా. ఈ ఎండకి నా చేతులు పాడైపోతే మీ మావగారు తెచ్చిస్తారా?" నవ్వింది. "రేపు ఆయన పక్కనే ఉండు. మాస్కు ఊడగానే నువ్వు కంగారుపడి తలుపు తెరవబోతావేమో. తెరవకు. ఆయన డ్రామా పూర్తి కానీ."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య ఎర్ర మగ్గుల్లో కాఫీ పోసింది. ఒకటి అతనికిచ్చి, రెండోది పట్టుకుని వీలైనంత దూరంగా కూర్చుంది. కోపం ఇంకా పోలేదు. అతని చొక్కా జేబు దగ్గర నీలంరంగు మరక చూసేసరికి ఆ దూరం కూడా మరిచిపోయి లేచి వచ్చింది.

"నేను కొన్న చొక్కా. రెండోసారి కూడా వేసుకోలేదు."

"పెన్ను కారింది."

"ఆ పెన్నుని బయట పారెయ్యండి." మరక రుద్దబోతూ అతని మణికట్టు చూసి ఆగిపోయింది. గడియారం గాజుని నోటి దగ్గరికి తీసుకుని 'హా' అని ఊదింది. గాజు మసకబారలేదు. తళతళలాడింది. ఆమె మొహం విచ్చుకుంది.

"నాన్న చేతిపని. వెళ్ళి చూసొచ్చారా? చెప్పరేం? నిఖార్సుగా శుభ్రమైన గాజు మీద ఊదితే ఆవిరి పట్టదండీ, పల్చగా పరుచుకుపోతుంది. వేలు పెట్టి ముట్టుకున్న చోట మాత్రం తెల్లగా పొగమంచు పడుతుంది. చిన్నప్పుడు అల్మారా అద్దం తీసి బిస్కెట్లు దొంగిలించేదాన్ని. నాన్న ఇంటికి రాగానే అద్దం మీద ఊదేవాడు. నా అయిదు వేళ్ళూ బయటపడేవి."

"ఆయన వేళ్ళు పడవా?"

"నాన్న గాజుని ఒట్టి చేత్తో ముట్టుకోవడం నేను పుట్టాక చూడలేదు. మంచినీళ్ళ గ్లాసు కూడా రుమాలుతో పట్టుకుంటాడు." ఆమె అతని భుజానికి తల ఆనించింది. "నాన్నకి కోపం ఎక్కువ గానీ అబద్ధం రాదండీ. చెప్పబోతే ఎక్కిళ్ళొస్తాయి."

గుండుసూది కాఫీ తాగాడు. రేపు ఈపాటికి ఈ తల తన భుజం మీద ఉండదు.

మర్నాడు తొమ్మిదీ యాభైకి డెమో హాలు నిండిపోయింది. ఒక పక్క స్టీలు గది, దానికి మందపాటి గాజు గోడ. తలుపు మూయగానే మిషన్ గొంతు ఇరవై నుంచి సున్నా దాకా లెక్కపెడుతుంది. సున్నాకి వేడి విషపు పొగ వదులుతుంది. సున్నా లోపు అయితే లోపల ఉన్న ఎర్ర మీట నొక్కి బయటికి రావచ్చు. దాటితే పొగంతా బయటికి లాగేదాకా, రెండు నిమిషాలు, తలుపు ఎవరు చెప్పినా తెరుచుకోదు.

హాలు మధ్యలో, కంట్రోల్ బల్ల పక్కన, గాజుపెట్టెలో మాస్కు ఉంది. ఆ పెట్టెని కూడా మావగారు పొద్దున్న ఎనిమిదింటికి ప్లాస్మాతో శుభ్రం చేసి, మాస్కు చుబుకం దగ్గర వదిలిపెట్టిన చిన్న తోకముక్క మీద చుక్క వేసి చూసుకుని, తాళం వేశారు. ఆ తోకముక్క ఆయన ప్రతి మాస్కుకీ ఉంటుంది. మాస్కు ఏ ప్లాస్టిక్‌తో చేశారో అదే ప్లాస్టిక్. అతుకు లోపల ఏముందో అది బయటికి చెబుతుంది.

ప్రతినిధుల్లో మొదటి వరసలో గుబురు మీసాలతో ఒక పొట్టి మనిషి కూర్చున్నాడు. మీసం కాస్త పక్కకి జరిగి ఉంది. పెద్దాయన వేషాలు ఎప్పుడూ ఇంతే.

మైకు పట్టుదారం చేతిలో ఉంది. "ఆలస్యమవుతోంది సార్. అతిథులు ఎదురుచూస్తున్నారు," అంది తియ్యగా.

మావగారు డ్రాపర్ కోసం జేబులో చెయ్యి పెట్టారు. ఆమె గడియారం చూపించింది. "ఎనిమిదింటికి వేశారుగా సార్. నేను చూశాను."

ఆయన గొణుక్కుంటూ గ్లవ్స్ చేతులతో పెట్టె తెరిచి, మాస్కు తీసుకుని, గదివైపు నడిచారు. వెళ్తూ అల్లుడి దగ్గర ఆగి, "మా బుజ్జికి కోపం తెప్పించావట. కోపం మా ఇంటి హక్కు. నువ్వు తెప్పించకు," అన్నారు.

తలుపు మూసుకుంది.

"ఇరవై," అంది మిషన్.

గుండుసూది ఖాళీ గాజుపెట్టె మీద రెండు మోచేతులూ ఆనించి వంగాడు. తల ఎత్తితే మావగారి మొహం చూడాలి, పక్కకి తిప్పితే పెద్దాయన దొంగ మీసం చూడాలి. పొద్దుటి నుంచి, కాదు, నిన్నటి నుంచి దిగమింగిన కోపమంతా ముక్కు రంధ్రాల్లోంచి బుసలుగా బయటికొస్తోంది. పళ్ళు కొరుకుతూ గాజు మీదకి గట్టిగా ఊపిరి వదిలాడు.

గాజు మసకబారలేదు. మూత అంచున తప్ప.

అక్కడ నాలుగు సన్నటి వేళ్ళు తెల్లగా పొగమంచులా లేచి నిలబడ్డాయి. మూడో వేలి అడుగున ఒక ఉంగరం గీత కూడా ఉంది.

"పదహారు."

ఎనిమిదింటికి శుభ్రం చేసిన గాజు. మావగారు ఒట్టి చేత్తో ముట్టుకోరు. పెట్టె సన్నటి గడియ అలవాటు లేని గ్లవ్స్ చేతికి దొరకదు. ఎవరో ఒక గ్లవ్ తీశారు. క్రీము రాసుకున్న చెయ్యి. తాళం ఉన్న చెయ్యి. మాస్కు మారిపోయింది. లోపల ఉన్నది ఊడిపోయే మాస్కు. దాచిన ఆక్సిజన్ ఎక్కడా లేదు. చచ్చిపోయిన మనిషి, నేను అమ్ముడుపోలేదని ఎలా చెప్పుకుంటాడు?

చెయ్యి బల్ల మీది స్టాప్ బటన్ మీద పడింది. బటన్ లోపలికి దిగింది. ఏమీ కాలేదు. వైరు ఎవరో కోసేశారు.

"పదమూడు."

అతని మణికట్టు మీద చల్లటి చెయ్యి పడి బిగుసుకుంది. పక్కటెముకల్లో ఇంకేదో గుచ్చుకుంది. అది కూడా చల్లగానే ఉంది.

"లెక్క పూర్తయ్యేదాకా నోరు విప్పకు," అంది పట్టుదారం పెదవులు కదలకుండా, అతిథులవైపు నవ్వుతూ. "నువ్వు తెలివైనవాడివి. కొత్త పెళ్ళాం ఉంది."

ఆ చివరి మాట అనకపోతే అతను ఇంకో సెకను ఆలోచించేవాడేమో. జేబులోని పెన్ను తీసి ఆమె మొహం మీద నొక్కాడు. మత్తుగ్యాస్ రాలేదు. సిరా మాత్రం గొట్టంలోంచి చిమ్మినట్టు వచ్చి నల్ల కళ్ళజోడునీ, ముక్కునీ, సముద్రపు రంగు డ్రెస్‌నీ నీలంగా ముంచేసింది. పిస్తోలు పేలింది. పైకప్పులో లైటు ఒకటి పగిలింది. గుండుసూది మైకు లాక్కున్నాడు.

"మావయ్యగారూ, బయటికి రండి. అది మీ మాస్కు కాదు."

"తొమ్మిది."

గాజు గోడ వెనక మావగారు చెయ్యి విసిరారు. పిరికివాళ్ళు దూరంగా ఉండండని ఆ విసురుకి అర్థం. పన్నెండు దేశాల ముందు ముప్పై ఏళ్ళ పరువు. ఆయన కదలరు. బతిమాలితే అస్సలు కదలరు.

ఆయన్ని కదిలించేది లోకంలో ఒక్కటే ఉంది.

"ఏమయ్యా చుక్కల సైంటిస్టూ," అని అరిచాడు అల్లుడు, పుట్టి బుద్ధెరిగాక పెద్దవాళ్ళతో అలా మాట్లాడనివాడు, "ముప్పై ఏళ్ళలో మొదటిసారి చుక్క వెయ్యకుండా లోపలికెళ్ళావు. వెయ్యడం మరిచిపోయావా, వెయ్యడానికి భయమేసిందా?"

మావగారు ఇటు తిరిగారు. మాస్కు వెనక కళ్ళు నిప్పుల్లా మండాయి. మాస్కు మొహం మీంచి లాగి చేతిలోకి తీసుకుని, తోకముక్క పైకెత్తి, జేబులోంచి డ్రాపర్ తీశారు. అల్లుడికి ముఖం పగిలేలా జవాబు చెప్పాలని చుక్క వేశారు.

"నాలుగు."

చుక్క పరుచుకోలేదు. ముత్యంలా నిలబడింది.

"మూడు."

ఆయన దాన్ని చూశారు. నమ్మలేక ముక్కని వాలించారు. చుక్క దొర్లి కిందపడింది.

"రెండు."

"మీట నొక్కండి మావయ్యగారూ."

"ఒకటి" అనబోయిన మిషన్ సగంలో గొంతు నొక్కేసినట్టు ఆగిపోయింది. తలుపు తెరుచుకుంది. మావగారు బయటికొచ్చారు. ఆ మొహం చూసి మొదటి వరసవాళ్ళు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు.

పట్టుదారం సిరా కారుతున్న కళ్ళతో పక్క తలుపువైపు పరిగెత్తింది. గుబురు మీసాల ప్రతినిధి ఏమీ ఎరగనట్టు ఒక కాలు చాపాడు. ఆమె బోర్లా పడింది. పెద్దాయన సంకెళ్ళు వేసేసరికి మీసం ఊడి ఆమె భుజానికి అతుక్కుంది. డిపార్ట్‌మెంట్ జిగురు కూడా అంతంతమాత్రమే.

వ్యానిటీ బ్యాగులో స్కార్ఫు చుట్టి అసలు మాస్కు దొరికింది. మావగారు తోకముక్క మీద చుక్క వేశారు. మెత్తగా పరుచుకుంది. ఆయన పట్టుదారం ముందుకెళ్ళి నిలబడ్డారు.

"క్రీము చేత్తో నా మాస్కు పట్టుకున్నావా?"

తనని చంపబోయినందుకు ఆయన ఒక్క మాటా అనలేదు.

తెగిన వైరు అతికించి, మాస్కు లోపలా బయటా పరీక్షగా చూసుకుని, పదీ ముప్పావుకి ఆయన మళ్ళీ లోపలికెళ్ళారు. ఈసారి లెక్క సున్నా దాటింది. పొగ గాజు గోడని నల్లగా కప్పేసింది. పరీక్షకి అయిదు నిమిషాలు చాలు. అయిదయ్యాక మిషన్ గంట కొట్టింది. ఆయన రాలేదు. ఎనిమిది. పది. ప్రతినిధులు లేచి నిలబడ్డారు. "ఏమైంది? తెరవండి," అన్నాడు పెద్దాయన.

"ఆగండి," అన్నాడు గుండుసూది. "పద్నాలుగు నిమిషాలుంటారు."

"ఎందుకు?"

"మనిషికొకటి."

పద్నాలుగో నిమిషం నిండగానే తలుపు తెరుచుకుంది. మసి పట్టిన కోటుతో, అతుకు చెక్కుచెదరని మాస్కుతో ఆయన బయటికొచ్చి, దాన్ని తీసి, నేరుగా ల్యాబ్‌లోకి వెళ్ళారు. ఊడిపోయిన పాత మాస్కు వేలాడే మేకుకి, దాని పక్కనే, కొత్తదాన్ని తగిలించారు. చాలాసేపు అక్కడే నిలబడ్డారు. ఆ వెనక భుజాలు చూసి గుండుసూది గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తూనికలు కొలతలు కాదన్నమాట," అన్నారు ఆయన చివరికి, వెనక్కి తిరగకుండా.

"కాదు మావయ్యగారూ. ఇందాక ఏకవచనంలో మాట్లాడినందుకు..."

"బాగా తిట్టావు. బుజ్జికి తెలుసా?"

"తెలియదు."

"నాకు అబద్ధం రాదు. అడిగితే ఎక్కిళ్ళొస్తాయి. అడగకుండా చూసుకో."

వరండాలో పెద్దాయన చెయ్యి చాపాడు. గుండుసూది ఆ చేతిని ముట్టుకోలేదు. జేబులోంచి ఖాళీ పెన్ను తీసి అందులో పెట్టాడు.

"ఆమె మాట విని ఒక మంచిమనిషిని రెండు నిమిషాల్లో చంపేసేవాళ్ళం సార్. నా చేత చంపించేవారు. రిపోర్ట్‌లో ఆ ముక్క నేనే రాస్తాను."

"రాయి," అన్నాడు పెద్దాయన తల దించుకుని. మళ్ళీ మెల్లగా తలెత్తాడు. "సంబంధం కుదిర్చినందుకైనా థాంక్స్ చెప్పవా?"

"ఈ డిపార్ట్‌మెంట్ సవ్యంగా చేసిన పని అదొక్కటే," అని గుండుసూది ఇంటికి బయల్దేరాడు.

మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి నేరుగా గదిలో పడుతోంది. కర్టెన్ ఇంకా ఒక కొక్కేనికే వేలాడుతోంది. అతను వస్తూనే స్టూలెక్కాడు. ఆమె వచ్చి రెండు చేతులతో స్టూలు పట్టుకుంది. ఈ ప్రపంచంలో ఇంతకన్నా ఎత్తైన చోటు లేదని అతనికి మళ్ళీ అనిపించింది.

"కొక్కెం ఇటివ్వు," అని చెయ్యి కిందికి చాపాడు.

ఆమె కొక్కెం ఇవ్వబోతూ ఆగింది. అతని మణికట్టు పట్టుకుని, నిన్నటి ముచ్చట గుర్తొచ్చి, గడియారం గాజు మీద 'హా' అని ఊదింది.

గాజు మీద ఒక వేలిముద్ర తెల్లగా లేచింది. సన్నటి, పొడుగాటి వేలు. మగవాడిది కాదు. ఆమె ఒంగి వాసన కూడా చూసింది.

"ఇదెవరిదండీ?"

నాలుగు దేశాల పోలీసులని బోల్తా కొట్టించిన ఏజెంట్ గుండుసూది గొంతు సవరించుకున్నాడు.

"తూనికలు కొలతల్లో," అన్నాడు, "అప్పుడప్పుడు చేతులు కూడా కొలవాల్సి వస్తుంది."

ఆమె మెల్లగా స్టూలు వదిలేసింది.